వరాలమ్మ మంచిదైపోయిన ఎపిసోడ్

ఒక పెద్ద అడవిలో రోజూ పొద్దుగూకే వేళకి పనులన్నీ ఆగిపోయేవి. వాగు పక్కనున్న చదును బండ మీద సీరియల్ మొదలయ్యేది అప్పుడే. దాని పేరు 'గడప దాటని జింక'. బండ దగ్గరికి రాలేని దూరపు జంతువుల కోసం చిలకలు ఆ మాటల్ని చెట్టు నుంచి చెట్టుకి అందించేవి. ఎవరైనా ఉలిక్కిపడాల్సిన చోట వడ్రంగిపిట్టలు చెట్టు మొదలు మీద మోత మోగించేవి. ఆ మోతకి బండ మీదున్నవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు తల తిప్పి చూడాలి. అందరి తలలూ తిరిగేసరికి ఆ పూట ఎపిసోడ్ అయిపోయేది.

కథ ఏమిటంటే, సహన అనే కోడలు ఉంది. ఆమెకి ఒక అత్త ఉంది. అంతే.

పంచాయితీ పెద్ద అడవిదున్న ధర్మయ్య కూడా సభని సగంలో ఆపి వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. వాగుకి అడ్డకట్ట వెయ్యాలా వద్దా అన్న చర్చ ఆ కారణంగా ఏళ్ల తరబడి సాగుతోంది.

కోడలు సహన వేషం వేసేది సుకుమారి అనే లేడి. అత్త చండీశ్వరి వేషం వేసేది వరాలమ్మ అనే దుమ్ములగొండి.

వరాలమ్మకి ఆ వేషం దొరికిన తీరు ఇది. ఆమె భర్త వేటగాళ్లు తవ్విన గోతిలో పడి చనిపోయాడు. కొడుకు కోదండం అప్పటికి పసివాడు. వరాలమ్మ గుహ ముందు కూలబడి ఏడ్చింది. దుమ్ములగొండి జాతికి ఒక ఇబ్బంది ఉంది. నవ్వినా ఏడ్చినా ఒకటే గొంతు. పరామర్శకి వచ్చిన నక్క జంబుకేశ్వరరావు ఆ ఏడుపుని చివరిదాకా నిలబడి విన్నాడు. సీరియల్ తీసేది ఆయనే.

"అమ్మా, ఈ నవ్వు ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు.

"నవ్వు కాదు బాబూ, ఏడుస్తున్నాను."

"ఏదైతేనేం. రేపు బండ దగ్గరికి రా."

కొడుకుని పెంచాలి కాబట్టి వెళ్లింది. వెళ్లాక ఆ పని మీద ఇష్టం పుట్టింది. మడుగు ముందు కూర్చుని ఒక కనుబొమ్మ ఎత్తి రెండోది దించడం సాధన చేసింది. గొంతు పెంచకుండా భయపెట్టడం ఎలాగో తనే కనిపెట్టింది. కోడలి వంక చూడకుండా, వక్క కొరుక్కుంటూ, "తిన్నావా అమ్మా?" అని అడిగేది. ఆ మాటకి అడవంతా వణికేది.

అడవిలో ఎవరూ దాన్ని నటన అనుకోలేదు. ఒకసారి వాగు దగ్గర అడవిపంది భార్య వెలగకాయ తీసి ఆమె నుదుటికేసి కొట్టింది.

"నిన్న ఆ పిల్లని వానలో నిలబెడతావా?" అంది.

"ఆ వానలో నేనూ తడిశాను వదినా," అంది వరాలమ్మ నుదురు రుద్దుకుంటూ.

"నువ్వు తడవాల్సిందే."

సుకుమారి సంగతి వేరు. ఆమె కన్నీళ్లు చూసి చలించిపోయిన పంచాయితీ ఆమెని కోడళ్ల రక్షణ సంఘానికి అధ్యక్షురాలిని చేసింది. ఇంటి దగ్గర సుకుమారి అత్తగారు, ముసలి లేడి, మంచులో వెళ్లి కోడలి కోసం లేత గరిక ఏరుకొచ్చేది. అందులో ఒక్క ముదురు పోచ కనిపించినా సుకుమారి ఆ మోపంతా ఆవిడ మొహాన కొట్టేది. ఆ సంగతి ఎవరికీ తెలియదని కాదు. "పాపం, బండ మీద అన్ని కష్టాలు పడొచ్చిన పిల్లకి ఆ మాత్రం విసుగుండదా?" అనుకునేవాళ్లు.

ఇలా ఉండగా కోదండం పెద్దవాడయ్యాడు. గుహలు తవ్వే పని నేర్చుకున్నాడు. వాడు తవ్విన గుహలోకి ఎంత వాన కురిసినా చుక్క నీరు దిగేది కాదు. మాట తక్కువ, మనసు మెత్తన. వరాలమ్మ సంబంధాలు చూడమని కాకి కామయ్యతో చెప్పింది. కామయ్యకి అడవిలో ఏ గుహలో పెళ్లీడు పిల్ల ఉందో తెలుసు.

వెళ్లిన ప్రతిచోటి నుంచీ కామయ్య ఒకటే మాట మోసుకొచ్చాడు.

"అబ్బాయి బంగారం అంటున్నారు వరాలమ్మ గారూ. అత్తగారి దగ్గరే ఆగిపోతున్నారు."

"అది వేషం అని చెప్పలేదా?"

"చెప్పానండి. పిల్ల తండ్రి నన్ను కూర్చోబెట్టి అడిగాడు. 'మొన్న కోడలి పాయసంలో ఉమ్మెత్తకాయ కలిపింది ఎవరు?' అని. అది సీరియల్ అన్నాను. 'సీరియలే. కలిపింది ఎవరు?' అన్నాడు. నేనేం చెప్పను?"

వరాలమ్మకి అన్నం సయించలేదు. కోదండం తల్లి పక్కన కూర్చుని, "పోనీలే అమ్మా, నాకిప్పుడు పెళ్లికేం తొందర?" అన్నాడు. వాడికి తొందరే. ఆ ఊసు రాగానే వాడు బయటికెళ్లి, ఎవరూ అడక్కపోయినా నేల తవ్వడం ఆమె చూస్తూనే ఉంది.

మర్నాడు ఆమె జంబుకేశ్వరరావు దగ్గరికి వెళ్లింది.

"డైరెక్టరు గారూ, చండీశ్వరిని మంచిదాన్ని చెయ్యండి."

నక్క నవ్వాడు. "మంచి అత్తతో సీరియల్ ఎలా నడుస్తుందమ్మా? రోజూ ఏం జరుగుతుంది? అన్నాలు తిని పడుకుంటారా?"

"చెయ్యకపోతే నేను రేపటి నుంచి రాను."

జంబుకేశ్వరరావు ఆలోచించాడు. ఈ మధ్య బండ ముందు జనం కాస్త పలచబడ్డారు. నెమళ్ల నాట్యమండలి వాళ్లు ఆ బండ తమకి ఇవ్వమని ధర్మయ్య చుట్టూ తిరుగుతున్నారు. అత్త మారిపోయిందంటే ఆ వింత చూడ్డానికైనా ఓ వారం జనం వస్తారు. తర్వాత సంగతి తర్వాత.

"సరే. నీ కోసం చేస్తాను," అన్నాడు.

ఆ ఎపిసోడ్ రోజు అడవంతా బండ ముందే ఉంది. చండీశ్వరి కోడలి కాళ్ల దగ్గర కూర్చుంది. "కళ్లు మూసుకుపోయి నిన్ను బాధపెట్టానమ్మా. నన్ను క్షమించు," అంది. ఆ మాటలు అంటున్నప్పుడు వరాలమ్మ నటించలేదు. బండ కింద నిలబడ్డ కొడుకు మొహమే కళ్ల ముందుంది. తర్వాత తన చేత్తో కాచిన ఇప్పపూల పాయసం దొన్నెలో పోసి కోడలికి అందించింది.

జనం ఊపిరి బిగపట్టారు. ధర్మయ్య లేచి నిలబడ్డాడు.

"తాగకమ్మా!" అని అరిచాడు.

"తాగకు! తాగకు!" అని అడవంతా అరిచింది. చిలకలు ఆ అరుపుని కూడా చెట్టు నుంచి చెట్టుకి అందించాయి. ఆ రోజు ఏం జరుగుతోందో తెలియని దూరపు జంతువులు నీళ్లు తాగడం మానేశాయి.

సహన తాగింది. ఏమీ కాలేదు. జనానికి భయం ఇంకా ఎక్కువైంది.

"వెంటనే పని చేసేది కాదన్నమాట," అంది ముళ్లపంది.

"మెల్లగా ఎక్కే విషం," అంది పక్కనున్న ఉడుత.

మర్నాడు చండీశ్వరి కోడలికి తల దువ్వింది. జనం పిల్లల కళ్లు మూశారు. ఆ మర్నాడు "నువ్వు నా కోడలివి కాదు, కూతురివి" అంది. రెండు ముసలి కోతులు మూర్ఛపోయాయి. ఆమె ఎంత మంచిగా ఉంటే అడవికి అంత నిద్ర పట్టేది కాదు. దీని వెనక ఎంత పెద్ద పన్నాగం ఉందోనని పొద్దున్నే వాగు దగ్గర చర్చలు. చూడ్డానికి వచ్చే జనం బండ చుట్టూ పట్టక చెట్లెక్కారు. ఎక్కడం రానివాళ్లు కూడా ఎక్కారు.

జంబుకేశ్వరరావు ఆమె చెయ్యి పట్టుకుని, "వరాలమ్మా, ఇన్నేళ్లలో నువ్వు ఇంతగా ఎప్పుడూ భయపెట్టలేదు," అన్నాడు.

కామయ్య మాత్రం రెక్కలు వేలాడేసుకుని వచ్చాడు. "ఇదివరకు తిట్టేవాళ్లండి. ఇప్పుడు మీ పేరెత్తితే నాకు దణ్ణం పెట్టి తలుపులేసుకుంటున్నారు."

సరిగ్గా అప్పుడే సుకుమారికి జబ్బు చేసింది.

జరిగింది ఇది. అడవి అంచున రైతుల జొన్నచేలు మొలకెత్తాయి. లేత జొన్న తింటే కడుపుబ్బి ప్రాణం మీదికి వస్తుందని లేళ్లకి పుట్టుకతో తెలుసు. పైగా చేలోకి వెళ్లకూడదని పంచాయితీ కట్టడి చేసింది. ఆ కట్టడిని కోడళ్లందరికీ వివరించి చెప్పే బాధ్యత సుకుమారిదే. అయినా వెళ్లింది, కడుపునిండా మేసింది, ఇంటికొచ్చి పడిపోయింది. అత్తగారు రాత్రంతా కూర్చుని ఆముదం పట్టించి, పొట్ట నిమిరి బతికించింది.

తెల్లారేసరికి అడవిలో ఒకటే వార్త. పాయసం పనిచేసింది!

ధర్మయ్య సభ పిలిచాడు. సీరియల్ టైముకి ముందే ముగిసిన సభ ఆ అడవి చరిత్రలో అదొక్కటే.

"వరాలమ్మా, నువ్వు సుకుమారికి పాయసం ఇచ్చావా, లేదా?" అన్నాడు ధర్మయ్య.

"ఇచ్చానండి. బండ మీద. అది ఉత్త తుమ్మజిగురు నీళ్లు."

"ఇచ్చానని ఒప్పుకుంది. ఇంతకుముందు ఉమ్మెత్తకాయ కలిపావా?"

"అది చండీశ్వరి కలిపిందండి."

"ఆ చెయ్యి ఎవరిది?"

వరాలమ్మ తన చేతివంక చూసుకుంది.

"డైరెక్టరు గారూ, మీరైనా చెప్పండి. అది కథే కదా!" అంది.

జంబుకేశ్వరరావు మెల్లగా లేచాడు. కథేనని తను సభలో చెబితే రేపు బండ దగ్గరికి ఎవరొస్తారన్నది ఆయన ముందున్న ప్రశ్న.

"నేను కళాకారుణ్ణి. ప్రేక్షకుల నమ్మకాన్ని గౌరవించడం నా ధర్మం. ఇంతకు మించి నన్ను అడక్కండి," అని కూర్చున్నాడు.

మిగిలింది సుకుమారి. ఆమెని ఆకులు పరిచి మోసుకొచ్చారు. జొన్నచేను పేరెత్తితే సంఘం పదవి పోతుంది. ఆమె వరాలమ్మ వంక చూసింది. వరాలమ్మ ఆమె వంక ఎంతో ఆశగా చూసింది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే బండ మీద పనిచేశారు. వాన సీన్లలో జ్వరం వచ్చినప్పుడు సుకుమారికి కషాయం కాచి ఇచ్చింది వరాలమ్మే.

సుకుమారి కళ్లనిండా నీళ్లు తెచ్చుకుని, "మా అత్తయ్యని ఏమీ అనకండి. తప్పంతా నాదే," అంది.

అది నిజం. వరాలమ్మ కాక ఆ సభలో ఇంకెవరైనా పలికిన ఒకే ఒక్క నిజం అదే. కానీ ఆ మాట సహన ప్రతి ఎపిసోడ్ లోనూ అనేదే కావడంతో సభంతా వెక్కి వెక్కి ఏడ్చింది. వడ్రంగిపిట్టలు అలవాటు కొద్దీ మోత మోగించాయి. అందరూ ఒకరి తర్వాత ఒకరు వరాలమ్మ వైపు తలలు తిప్పారు.

వరాలమ్మకి ఏడుపు ఆగలేదు. అడవి మొత్తానికీ ఆమె నవ్వు వినిపించింది.

"చూశారా!" అన్నాడు ధర్మయ్య.

ఆమెని అడవి నుంచి వెలివేశారు. తీర్పు అయ్యాక కోదండం తల్లి పక్కకి వచ్చి, "నడువమ్మా. నేల ఎక్కడైనా ఒకటే," అన్నాడు. ఇద్దరూ కొండ దాటి అవతలి లోయలోకి వెళ్లిపోయారు.

ఆ లోయలో డేగలు ఎక్కువ. డేగల భయానికి చిలకలు అటు రావు. అందుకని అక్కడ సీరియల్ అంటే ఎవరికీ తెలియదు. వరాలమ్మ అంటే గొంతు కాస్త బొంగురుగా ఉన్న ఒక ముసలావిడ, అంతే. పొరుగువాళ్లు నిప్పుకీ ఉప్పుకీ వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు కూర్చునేవాళ్లు. కూర్చున్నవాళ్లు లేచేవాళ్లు కాదు. మొదట్లో వరాలమ్మకి ఇదంతా భయం వేసింది. ఎవరు చేతిలో కాయ పట్టుకొచ్చినా నుదురు పక్కకి తిప్పుకునేది. వాళ్లేమో ఆ కాయ ఆమె చేతిలో పెట్టేవాళ్లు.

కోదండం ఆ లోయలో ఒక ఇంటికి గుహ తవ్వడానికి వెళ్లాడు. ఆ ఇంట్లో పార్వతాలు అనే పిల్ల ఉంది. గుహ తవ్వడానికి పట్టాల్సిన కాలానికి రెట్టింపు పట్టింది. పిల్ల తండ్రికి విషయం అర్థమై పెళ్లి చేసేశాడు. పార్వతాలుకి నోరు కొంచెం పెద్దది. మొదటిరోజే, "అత్తయ్యా, మీ పప్పులో ఉప్పు లేదు," అంది. "వేసుకో తల్లీ," అంది వరాలమ్మ. ఇద్దరి మధ్యా జరిగిన పెద్ద గొడవ అదే.

ఇక్కడ ఇలా ఉండగా, అక్కడ అడవిలో బండ బోసిపోయింది.

జంబుకేశ్వరరావు అత్త వేషానికి కుందేలుని పెట్టాడు. అది కోడల్ని తిట్టబోయి తనే వణికింది. తర్వాత కొండచిలవని పెట్టాడు. చూడ్డానికి భయంగానే ఉంది గానీ మొదటిరోజే బండ మీద నిద్రపోయింది. సహన మరిది వేషం వేసే అడవికోడి ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు. చివరికి అత్త లేకుండానే నడిపించాడు. సహన పొద్దున లేస్తుంది, ముగ్గేస్తుంది, అన్నం తింటుంది. ఎవరూ ఏమీ అనరు.

కొన్నాళ్లు చూశాక జనానికి ఒక అనుమానం వచ్చింది.

"ఏమైనా ఈ పిల్ల అత్తని ఇంట్లోంచి తరిమేసింది కదా!" అంది అడవిపంది భార్య.

"ఇప్పుడు ఇల్లంతా దాని రాజ్యమే. ఆ నడకలో పొగరు చూశారా?" అంది ముళ్లపంది.

వారం తిరిగేసరికి సుకుమారి నుదుటికి వెలగకాయ తగిలింది. ఆ వెంటనే ఆమె ఇంట్లో అత్తగారి మొహాన గరిక కొట్టే సంగతి అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. సంఘం పదవి పోయింది. మొదట్లో ఇదేదో న్యాయమే జరిగినట్టుంది గానీ అక్కడితో ఆగలేదు. పొద్దుగూకితే అందరూ కలిసి తిట్టుకోవడానికి ఒకరు లేకపోవడంతో, ఎవరింట్లో వాళ్లు మొదలుపెట్టారు. కోడళ్లు అత్తల్ని, అత్తలు కోడళ్లని. ధర్మయ్య ఇంట్లో అయితే ఆయన తల్లీ భార్యా ఇద్దరూ కలిసి ఆయన్నే తిట్టడం మొదలుపెట్టారు.

ధర్మయ్య, జంబుకేశ్వరరావుని, కామయ్యని వెంటపెట్టుకుని కొండ దాటాడు.

వరాలమ్మ వాళ్లని చూసి లేచి నిలబడింది. పార్వతాలు నీళ్లిచ్చింది. వాళ్లు పుచ్చుకున్నారు గానీ తాగలేదు.

"వరాలమ్మా, నువ్వు తిరిగి రావాలి," అన్నాడు ధర్మయ్య. "నిన్ను క్షమించాం."

"నేనేం చేశానని?"

"అదిప్పుడు ఎందుకు? క్షమించాంగా."

"తీర్పు తప్పని ఒప్పుకోరా?"

ధర్మయ్య ఓపిగ్గా వివరించాడు. "చూడమ్మా, నేరం రుజువైంది కనకే క్షమించడం వీలైంది. నేరమే లేదంటే నేను దేన్ని క్షమించాలి? నువ్వు వెలిలోనే ఉండిపోవాల్సి వస్తుంది."

పార్వతాలు అయోమయంగా చూసింది. "ఏం నేరం అత్తయ్యా? ఎవరు వీళ్లు?"

వరాలమ్మ కొడుకు వంక చూసింది. కొడుకు సంసారం ఇప్పుడిప్పుడే కుదుటపడింది. కోడలి దగ్గర ఆమె దాచిపెట్టిన సంగతి ఆ అత్త వేషం ఒక్కటే. కోదండం తల వంచుకున్నాడు. కామయ్యే నోరు జారి మొత్తం చెప్పేశాడు. వానలో నిలబెట్టడం, ఉమ్మెత్తకాయ, పాయసం, అడవంతా వణికిన ఆ "తిన్నావా", అన్నీ చెప్పాడు.

పార్వతాలు చాలాసేపు అత్తగారి మొహంలోకి చూసింది.

"నిజంగా నువ్వేనా? ఏదీ, ఒక్కసారి చేసి చూపించు."

"వద్దులే తల్లీ."

"చెయ్యి అత్తయ్యా. నాకోసం."

వరాలమ్మ కొంచెంసేపు కళ్లు మూసుకుంది. ఒక కనుబొమ్మ లేచింది, రెండోది దిగింది. పార్వతాలు వంక చూడనైనా చూడకుండా, నోట్లో లేని వక్కని కొరుక్కుంటూ అడిగింది.

"తిన్నావా అమ్మా?"

ధర్మయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. కామయ్య ఎగిరి చెట్టెక్కాడు. పార్వతాలు ఒళ్లంతా జలదరించింది. మరుక్షణం పకపకా నవ్వుతూ చప్పట్లు కొట్టింది.

"అబ్బ, ఎంత బాగా చేశావు అత్తయ్యా! ఒట్టు, ఒక్క క్షణం నిన్ను గుర్తుపట్టలేదు. ఇంత పని చేతిలో పెట్టుకుని ఇక్కడ పప్పు వండుతున్నావా?"

బాగా చేశావు అన్న మాట వరాలమ్మ ఇన్నేళ్లలో ఎవరి నోటా వినలేదు. ఆ మాట ఎలా పుచ్చుకోవాలో ఆమెకి తెలియలేదు. కూర్చుంది, మళ్లీ లేచింది, కోడలి తల మీద చెయ్యి పెట్టింది.

"వస్తాను," అంది ధర్మయ్యతో. "మీ క్షమాపణ కోసం కాదు. ఆ పని నాకు ఇష్టం."

మళ్లీ బండ నిండింది. చండీశ్వరి తిరిగొచ్చింది, ఇదివరకటి కంటే ఘోరంగా. సుకుమారి మళ్లీ ఏడ్చింది, మళ్లీ అధ్యక్షురాలైంది. అడవిలో ఇళ్లన్నీ చల్లబడ్డాయి. అడ్డకట్ట చర్చ ఎప్పట్లాగే వాయిదా పడింది.

పార్వతాలు రోజూ వచ్చి ముందు వరసలో కూర్చునేది. చండీశ్వరి కోడలి జుట్టు పట్టుకున్నప్పుడల్లా "భలే అత్తయ్యా, భలే!" అంటూ చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టేది.

అడవంతా ఆ పిల్ల వైపు జాలిగా చూసేది.

"పాపం," అనుకునేవాళ్లు, "చప్పట్లు కొట్టకపోతే ఇంటికెళ్లాక ఆ అత్త ఏం చేస్తుందో!"

నీతి: మంచిపేరు కావాలనుకునే నటులు నటన నేర్చుకోకూడదు.